తీసేశామంటే ఎక్కడ పెట్టాం?

(హనుమకొండలో ఫైనల్ ఇయర్ ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టులు మొదలుపెట్టే ముందు ఒక రిటైర్డ్ సివిల్ లెక్చరర్ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

వెనక బెంచీల వాళ్ళకు వినపడుతున్నదా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువుంది. ఆ కిటికీ పక్కన ఫ్యాన్ ఒక్కటి ఆపేయండి నాన్నా. ఆఁ, ఇప్పుడు బాగుంది. ఉక్కపోస్తే మళ్ళీ వేసుకుందాం, నేనేం గంటలు గంటలు మాట్లాడను.

మీ హెచ్ఓడీ గారు నిన్న సాయంత్రం నాకో కాగితం పంపించారు. మీ ప్రాజెక్టుల పేర్లన్నీ ఉన్నాయి అందులో. రెండింటి పక్కన ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టారు. ఒకటి కంప్యూటర్స్ వాళ్ళది, ఇళ్ళల్లో పెట్టుకునే సెక్యూరిటీ కెమెరాల మీద. దాని పక్కన "పాతదే కదా" అని రాశారు. రెండోది సివిల్ వాళ్ళది, నగరాల్లో కరిగే మంచు నీటిని శుభ్రం చేయడం మీద. దాని పక్కన ఏమీ రాయలేదు, వరుసగా మూడు ప్రశ్నార్థకాలు పెట్టారు. సార్ నవ్వుతున్నారు చూడండి. నేను కూడా నవ్వాను సార్, అబద్ధమెందుకు. మే నెలలో రోడ్డు మీద తారు చెప్పుకు అంటుకునే ఊరు మనది. మనకు మంచు అంటే ఏంటి? ధనుర్మాసంలో పొద్దున్నే ముగ్గు వేస్తుంటే ఎదురింటి గేటు కనపడదే, అది మంచు. గడ్డి మీద పడే చుక్కను కూడా మంచే అంటాం. శ్రీనగర్‌లో ఆకాశం నుంచి పడేదాన్నీ మంచే అంటాం. ఒకటే మాటతో సరిపెట్టుకున్నామంటే మనకు దాంతో ఎంత అవసరం పడిందో తెలుస్తూనే ఉంది.

కానీ రాత్రి పడుకొని ఆలోచిస్తే ఈ రెండు ప్రాజెక్టులు ఒకే ప్రశ్న అడుగుతున్నాయనిపించింది నాకు. మనం "తీసేశాం" అంటాం కదా. కెమెరా నుంచి ఒకరి పేరు తీసేశాం. రోడ్డు మీది మంచు తీసేశాం. తీసేసి ఎక్కడ పెట్టాం? అసలు పోయిందా, లేక మన కంటికి కనపడకుండా పోయిందా? ఈ రోజు నేను చెప్పేదంతా ఇదే. మిగతావి దాని చుట్టూ కబుర్లు.

ముందు కెమెరా సంగతి. నా ఇంట్లో జరిగిందే చెప్తా.

పోయిన సంక్రాంతికి ముందు మా ఇంట్లో కెమెరా పెట్టించుకున్నాం. మా ఆయనా నేనూ ఇద్దరమే ఉంటాం, పిల్లలు దూరం. మా అన్న కొడుకు వచ్చి తన ఫోన్లో యాప్ వేసుకొని, తన నంబరుతోనే అకౌంట్ తెరిచి, హాల్లో గోడకు బిగించి, ఆ తర్వాత మా ఫోన్లకు కూడా కలిపి పోయాడు. మంచి పిల్లాడు. చాయ్ కూడా తాగకుండా పోయాడు. నెల గడిచింది. ఒకరోజు పొద్దున్నే ఫోన్. "అత్తమ్మా, షుగర్ ఉందని నాకు చెప్పి, రాత్రి రెండు గంటలకు లేసి ఫ్రిజ్‌ల నుంచి అరిసెలు తింటున్నవేంది?" అన్నాడు.

మీరు నవ్వుతున్నారు. నేను కూడా నవ్వాను, అక్కడికక్కడ. ఫోన్ పెట్టేశాక మాత్రం ఎట్లనో అనిపించింది. వాడు కావాలని చూడలేదు. అలర్ట్ వచ్చింది, చూశాడు. దొంగేమో అనుకున్నాడట. కానీ నెల రోజులుగా మా హాలు వాడి జేబులో ఉందన్న సంగతే నాకు గుర్తు లేదు. అది కదా అసలు విషయం? మరచిపోయాను నేను. కెమెరా మరచిపోలేదు.

సరే, వాడినే పిలిచి అకౌంట్ నా పేరుకు మార్పించుకున్నా. తర్వాత నేనే స్వయంగా సెట్టింగుల్లోకి పోయి వాడి పేరు తీసేశా. లిస్టులో పేరు పోయింది. నా ఫోన్లో చూస్తే అంతా శుభ్రం. వాడికి ఫోన్ చేసి, "ఇక నీకు రాదు కదరా" అన్నా. వాడు ఒక్క నిమిషం ఆగి, "అత్తమ్మా, నువ్వు ఆకుపచ్చ చీర కట్టుకొని సోఫాల కూసోని మాట్లాడుతున్నవ్" అన్నాడు.

ఎందుకట్లా? కంప్యూటర్స్ వాళ్ళు చెప్పండి. ...ఆ, టోకెన్. కరెక్ట్. ఒకసారి లాగిన్ అయ్యాక యాప్‌కు ఇచ్చే అనుమతి చీటీ అన్నమాట. మా సివిల్ వాళ్ళ కోసం ఇంకొంచెం విప్పి చెప్తా. సినిమా హాలు గేటు దగ్గర టికెట్ చింపే మనిషి ఉంటాడు. ఒకసారి లోపలికి పోయి కూర్చున్నాక మళ్ళీ ఎవరైనా వచ్చి టికెట్ అడుగుతారా? అడగరు. బయట కౌంటర్లో మీ టికెట్ క్యాన్సిల్ చేశారనుకోండి, ఆ కబురు లోపలికి రావాలి, మీ సీటు దాకా రావాలి, అప్పుడు కదా మిమ్మల్ని లేపేది. మా వాడు యాప్ తెరిచే ఉంచాడు. అంటే సీట్లోనే ఉన్నాడు. వాడి పేరు కొట్టేసింది ఎక్కడో సర్వర్‌లో ఉన్న లిస్టులో.

నేనేదో గొప్ప విషయం కనిపెట్టాననుకున్నా. తర్వాత తెలిసింది, 2020లోనే అమెరికాలో ఫ్లోరిడా టెక్ అనే విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చదివే ఒక విద్యార్థి ఇదే పట్టుకున్నాడని. మీలాంటి విద్యార్థే. ఇద్దరు ప్రొఫెసర్లతో కలిసి పేపర్ రాశాడు. పేరున్న కంపెనీల కెమెరాల్లోనే, వీడియో డోర్‌బెల్స్‌లోనే, అకౌంట్ తీసేశాక కూడా పాత మనిషి చూడగలుగుతున్నాడని చూపించారు. గూగుల్ తన నెస్ట్ కెమెరాలో తప్పు చూపించినందుకు ఆ పిల్లాడికి 3,133 డాలర్లు బహుమతి ఇచ్చింది. డబ్బు సంగతి పక్కన పెట్టండి. వాళ్ళు ఎవరి గురించి ఆలోచించి ఆ ప్రశ్న వేసుకున్నారో చూడండి. విడిపోయిన భార్యాభర్తలు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి పెట్టుకున్న కెమెరా. ఆయన ఇల్లు వదిలి వెళ్ళాడు. ఆమె యాప్‌లో ఆయన పేరు తీసేసింది, ఇక భయం లేదనుకుంది. అవతల ఆయన ఫోన్లో హాలు కనపడుతూనే ఉంది. నా అరిసెల కథకు నవ్వొచ్చింది. దీనికి నవ్వొస్తుందా?

అందుకే "పాతదే కదా" అన్న మాట నేను ఒప్పుకోను సార్. కెమెరా పాతదే. ఈ ప్రశ్న పాతబడలేదు. ఈ నగరంలో నెలనెలా కొత్త మోడల్ అమ్ముతున్నారు, చౌరస్తాలో మొబైల్ షాపుల్లో కూడా అమ్ముతున్నారు. వాటిలో ఏది పేరు తీసేసిన వెంటనే ఆపుతుంది, ఏది పది నిమిషాలకు ఆపుతుంది, ఏది యాప్ మూసి తెరిచేదాకా ఆపదు? ఎవరైనా కొలిచారా? మీరు కొలవండి. ఒక కెమెరా, రెండు ఫోన్లు, ఒక వైఫై రౌటర్, ఒక గడియారం. ఇంతే. ఒక్కసారి చేసి రాయొద్దు. ఇరవై సార్లు చేయండి, యాప్ తెరిచి ఉంచి కొన్నిసార్లు, మూసి కొన్నిసార్లు, ఫోన్ మొబైల్ డేటాలో ఉంచి కొన్నిసార్లు.

ఇంకో ముచ్చట చెప్తా, ఇది నాకు చాలా నచ్చింది. అదే 2020లో లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీ వాళ్ళు, చైనా సైన్స్ అకాడమీ వాళ్ళు కలిసి ఒక పరిశోధన చేశారు. కెమెరా వీడియోను తాళం వేసి పంపిస్తుంది కదా, ఎన్‌క్రిప్షన్. మధ్యలో ఎవడు పట్టుకున్నా బొమ్మ కనపడదు. బొమ్మ కనపడకపోతే ఏమైంది, మూట బరువు కనపడుతుంది కదా అన్నారు వీళ్ళు. ఎంత డేటా పోతున్నదో చూస్తే చాలు, ఇంట్లో ఎవరైనా కదులుతున్నారా, ఇల్లు ఖాళీగా ఉందా, ఏ వేళకు ఖాళీగా ఉంటుంది అనేది అంచనా వేయొచ్చని చూపించారు.

ఎట్లా? క్లాసులో అటెండెన్స్ గుర్తు తెచ్చుకోండి. నేను అరవై పేర్లు పిలిచేదాన్ని కాదు. "ఎవరు రాలేదమ్మా?" అని అడిగేదాన్ని. నిన్నటికీ ఈ రోజుకూ ఉన్న తేడా రాసుకుంటే చాలు. వీడియో కూడా అంతే. ప్రతి బొమ్మనూ మొత్తం పంపదు, ముందు బొమ్మకూ దీనికీ తేడా ఏంటో అదే పంపుతుంది. ఖాళీ హాల్లో తేడా ఏముంటుంది? గోడ గోడలాగే ఉంటుంది. డేటా సన్నగా పోతుంది. మనిషి నడిచాడా, కర్టెన్ కదిలిందా, డేటా లావవుతుంది. రాత్రి రెండింటికి ఒక్కసారిగా లావైందనుకోండి, ఎవరో అరిసెలు తింటున్నారన్నమాట.

ఇక్కడ ఎంతమంది ఇళ్ళల్లో కెమెరా ఉంది? చేతులెత్తండి. ...చాలామందికే ఉంది. సరే, చేతులు అట్లనే ఉంచండి. దాంతోపాటు వచ్చిన పాస్‌వర్డ్ మార్చినవాళ్ళు మాత్రమే చేయి ఉంచండి, మిగతావాళ్ళు దించండి. ...చూశారా? సార్, మీరు కూడా దించేశారు.

2016లో మిరాయ్ అని ఒక పాడు సాఫ్ట్‌వేర్ వచ్చింది. అదేం బ్రహ్మవిద్య కాదు. ఇంటర్నెట్‌కు కలిపి ఉన్న కెమెరాలను, రౌటర్లను, రికార్డర్లను వెతుక్కుంటూ పోతుంది, కంపెనీ పెట్టి ఇచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలు ఓ అరవై దాని దగ్గర ఉంటాయి, ఒక్కొక్కటీ కొట్టి చూస్తుంది. "అడ్మిన్, అడ్మిన్". తలుపు తెరుచుకుంటుంది. అట్లా లక్షల పరికరాలను పట్టి, అన్నింటితో కలిపి ఒకేసారి ఒక చోట గుద్దించారు. 2016 అక్టోబర్ 21న డైన్ అనే కంపెనీ మీద, అంటే వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే కంపెనీ మీద, దాడి జరిగితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. ఎవరింట్లోనో మూలన కూర్చున్న కెమెరా, ఆ ఇంటివాళ్ళకు తెలియకుండానే ఆ దాడిలో ఒక చేయి వేసింది. మిరాయ్ రాసిందెవరు? ముగ్గురు కుర్రాళ్ళు. 2017 డిసెంబర్‌లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. అందులో ఒకడు కంప్యూటర్ సైన్స్ చదువుతున్న కాలేజీ పిల్లాడు. వీడియో గేమ్ సర్వర్ల వ్యాపారంలో గొడవ దగ్గర మొదలైంది వాళ్ళ కథ. ఫ్లోరిడా పిల్లాడూ విద్యార్థే, వీడూ విద్యార్థే.

అందుకని ఒక మాట గట్టిగా చెప్తున్నా, రాసుకోండి. మీరు పరీక్షించేది మీ సొంత కెమెరా. లేదా కాగితం మీద సంతకం పెట్టి ఒప్పుకున్నవాళ్ళది. పక్కింటి వైఫై దొరికింది కదా అని, హాస్టల్ వార్డెన్ కెమెరాకు పాస్‌వర్డ్ తెలిసింది కదా అని లోపలికి పోవద్దు. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "ప్రాజెక్టు కోసం మేడం" అంటే జడ్జి గారు మార్కులు వేయరు.

మన దేశంలో కూడా కదలిక వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలు ప్రభుత్వం చెప్పిన సెక్యూరిటీ పరీక్షలు దాటితేనే కొత్తవి అమ్మాలని నిబంధన పెట్టారు. మంచిదే. కానీ ఇప్పటికే గోడలకు ఉన్నవాటి సంగతేంటి? పోలీసులు "నేను సైతం" పథకం కింద కెమెరాలు పెట్టుకోండి అంటే మన కాలనీలవాళ్ళు చందాలు వేసుకొని పెట్టించినవి ఎన్ని? వాటివల్ల దొంగలు దొరకలేదా అంటే దొరికారు, నేను కాదనను. మా వీధిలో చైన్ స్నాచింగ్ ఆగింది కూడా. నేను కెమెరాలు వద్దనడం లేదు. కాలనీ ప్రెసిడెంట్ మారినప్పుడు పాత ప్రెసిడెంట్ ఫోన్లోంచి కెమెరా పోయిందా అని అడుగుతున్నా. అంతే.

సరే. మంచులోకి వద్దాం. ఫ్యాన్ వేయండి ఇప్పుడు.

ఈ ప్రాజెక్టు పెట్టిన అమ్మాయి ఎవరు? లే తల్లీ, భయమెందుకు. ఈ అమ్మాయిని పొద్దున కారిడార్‌లో పట్టుకొని అడిగాను, నీకు మంచు ఎందుకు గుర్తొచ్చింది అని. వాళ్ళ అన్న కెనడాలో చదువుకుంటున్నాడట, మాంట్రియల్‌లో. వీడియో కాల్‌లో కిటికీలోంచి చూపిస్తాడట. రాత్రిపూట లారీలు వరుసగా వచ్చి రోడ్డు మీది మంచు ఎత్తుకొని పోతుంటాయి. ఈ అమ్మాయి అన్నను అడిగింది: "అన్నా, గదంతా ఏడికి తీస్కపోతున్నరు?" అన్నకు తెలియదు. అదే ప్రాజెక్టు. ఇంతకంటే మంచి ప్రాజెక్టు నేను నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎక్కువ చూడలేదు.

ఎక్కడికి తీసుకపోతారు? మాంట్రియల్ నగరం ఏడాదికి సగటున దాదాపు మూడు లక్షల లారీల మంచు ఎత్తుతుంది. ఒకప్పుడు సెయింట్ లారెన్స్ నదిలోకి తోసేవాళ్ళు. తెల్లటి మంచు, నీళ్ళే కదా, నదిలో పడితే ఏమవుతుంది అనుకున్నారు. తెల్లగా ఉండేది పడ్డ రోజే. రోడ్డు పక్కన వారం ఉన్నాక అందులో ఏముంటుందో తెలుసా? ఉప్పు. ఇసుక. ఆయిల్. బ్రేకులు అరిగితే వచ్చే రాగి. టైర్ల నుంచి, రేకుల నుంచి వచ్చే జింకు. సిగరెట్ పీకలు, ప్లాస్టిక్. అందుకని నదిలో వేయడం ఆపేశారు. ఇప్పుడు కొంత మురుగు కాలువల్లోకి దించుతారు, శుద్ధి కేంద్రానికి పోతుంది. పెద్ద వాటా ఫ్రాంకన్ అని ఒక పాత సున్నపురాయి క్వారీలో కుమ్మరిస్తారు. మన దగ్గర గ్రానైట్ క్వారీలు చూశారు కదా, కరీంనగర్ దారిలో, అట్లాంటి గుంత, నగరం నడిమధ్య. దాని నిండా మంచు కొండ. ఎండాకాలం చివరిదాకా కరుగుతూనే ఉంటుంది, పైన నల్లటి పొర కట్టి.

నార్వే రాజధాని ఓస్లోలో అయితే హార్బర్‌లో ఒక పడవ కట్టారు. మంచు కరిగించే పడవ. లారీలు తెచ్చి అందులో పోస్తే సముద్రపు నీటి వెచ్చదనంతోనే కరిగిస్తారు, చెత్త, ఇసుక వడగట్టి నీటిని వదులుతారు. స్వీడన్‌లో సుండ్స్‌వాల్ అనే ఊళ్ళో ఇంకా తమాషా. 2000 నుంచి అక్కడి పెద్దాసుపత్రి చలికాలపు మంచును గుట్ట పోసి, మీద చెక్కపొట్టు కప్పి, వేసవిలో దాని చల్లటి నీటితో ఆసుపత్రికి ఏసీ నడుపుతున్నది. చెక్కపొట్టు! మన ఐసు ఫ్యాక్టరీవాళ్ళు దిమ్మల మీద ఊక పోసి గోనెసంచి కప్పేవాళ్ళు, గుర్తుందా? మీకు గుర్తుండదులే. సార్‌కు ఉంటుంది.

ఉప్పు దగ్గర కొంచెం ఆగుదాం. ఎందుకు చల్లుతారు రోడ్డు మీద ఉప్పు? కుల్ఫీ బండివాడు ఐసులో ఉప్పు ఎందుకు కలుపుతాడు? ఉప్పు కలిస్తే నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, ఇంకా కిందికి పోవాలి. కుల్ఫీవాడికి ఆ చలి కావాలి. రోడ్డువాడికి గడ్డకట్టకపోవడం కావాలి. ఇద్దరిదీ ఒకే ఉప్పు. కానీ కుల్ఫీవాడు బండికి గుప్పెడు వేస్తాడు. కెనడాలో ఏడాదికి లక్షల టన్నులు. 2001లోనే అక్కడి ప్రభుత్వం లెక్కగట్టి, రోడ్డు ఉప్పు పర్యావరణానికి విషమని అధికారికంగా తేల్చింది.

ఇప్పుడు అసలు సంగతి. మంచు గుట్ట కరుగుతుంటే మురికి ఏ వరుసలో వస్తుంది? అన్నీ కలిసి వస్తాయా? ఆలోచించండి. పుల్లఐసు తిన్నారా చిన్నప్పుడు? ఎర్రటి పుల్లఐసు. నోట్లో పెట్టుకొని గట్టిగా పీలిస్తే ఏమవుతుంది? రంగు, తీపి ముందు వచ్చేస్తాయి. చివరికి పుల్లకు తెల్లటి ఐసుముక్క మిగులుతుంది, రుచీ పచీ ఉండదు. అవునా? మంచు గుట్ట కూడా అంతే. మంచు మళ్ళీ మళ్ళీ గడ్డకట్టేటప్పుడు లోపలి ఉప్పును పలుకు అంచుకు నెట్టేస్తుంది. అందుకని కరగడం మొదలైనప్పుడు అంచులోని ఉప్పే ముందు జారిపోతుంది. 1978లో నార్వే పరిశోధకులు కొలిచారు: మొదటి 30 శాతం నీటిలోనే, కరిగి ఉన్న మాలిన్యంలో 50 నుంచి 80 శాతం వెళ్ళిపోతుందని. మరి ఇసుక, టైరు పొడి, దానికి అంటుకున్న లోహాలు? అవి కదలవు. గుట్టలోనే కూర్చొని, చివరికి అడుగున నల్ల బురదగా మిగులుతాయి. కొంత ఆఖరి నీటితో వస్తాయి.

అంటే మొదట వచ్చే నీరు తేటగా ఉంటుంది, ఉప్పగా ఉంటుంది. చివర వచ్చేది నల్లగా ఉంటుంది, ఉప్పుండదు. కంటితో చూసి మొదటిది మంచి నీరు అనుకుంటే ఏమైనట్టు?

ఈ అమ్మాయి ఇది హాస్టల్‌లో చేసి చూసింది. చెరుకురసం బండి దగ్గర దంచిన ఐసు తెచ్చింది. గేటు దగ్గర రోడ్డు అంచున పేరుకున్న దుమ్ము, వంటింటి ఉప్పు కలిపింది. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీసి, పెట్టి తీసి మూడు రోజులు చేసింది. తర్వాత గుడ్డ కట్టిన గరాటులో పోసి, కారే నీటిని గ్లాసు గ్లాసుగా పట్టి టీడీఎస్ మీటర్ పెట్టింది. మొదటి గ్లాసుకు మీటర్ స్కేలే దాటిపోయిందట. తర్వాత తర్వాత తగ్గుతూ వచ్చింది. చివరి గ్లాసు చూపించింది నాకు, ఫోన్లో ఫొటో. నల్లటి నీరు. మీటర్ ఏం చూపించింది? తక్కువ. వాటర్ ఫిల్టర్ అమ్మేవాళ్ళు మీ ఇంటికొచ్చి మీటర్ ముంచి భయపెడతారే, ఆ లెక్కన నల్ల నీళ్ళు తాగొచ్చన్నమాట! టీడీఎస్ మీటర్ కొలిచేది కరిగిన లవణాలను, నీటిలో కరెంటు ఎంత పోతున్నదో చూసి. మురికిని కాదు. అందుకని తల్లీ, నువ్వు ఆ మీటర్ ఒక్కటే పెట్టుకుంటే నీ ప్రాజెక్టు సగం గుడ్డిది. మడ్డిని కూడా కొలవాలి. ఫిల్టర్ పేపర్ తూకం వేసి, వడగట్టి, ఆరబెట్టి, మళ్ళీ తూకం వేయి. మన ల్యాబ్‌లో త్రాసు ఉంది.

శుద్ధి సంగతి కొస్తే, బురదను ఆపడం కష్టం కాదు. చెరువు తవ్వి నిలబెడితే అడుగుకు చేరుతుంది. ఇసుక, మట్టి పొరల్లోంచి పంపితే లోహాలు చాలావరకు అంటుకుంటాయి. చలిదేశంలో పొరలు గడ్డకట్టి రాయవుతాయి కాబట్టి గరుకు ఇసుక వాడతారు. ఉప్పును మాత్రం ఈ పొరలేవీ ఆపవు. ఇసుక ఆపదు, మట్టి ఆపదు, మొక్కలు పెద్దగా ఆపవు. పైగా ఇంకో తలనొప్పి: వడపోతలో అంతకుముందు పట్టుకున్న జింకును, కాడ్మియంను ఉప్పునీరు వచ్చి మళ్ళీ విడిపించుకొని పోతుంది. తీసేశాం అనుకున్నది మళ్ళీ బయట. అందుకని చివరికి వాళ్ళు చెప్పేదేమంటే, ఉప్పు చల్లడమే తగ్గించండి అని. ఇది ఇంజనీర్లకు నచ్చని జవాబు. మనకు ఏదో ఒకటి కట్టాలనుంటుంది.

ఇప్పుడు వరంగల్‌కు రండి. మంచు లేదు, ఉప్పు లేదు, మనకేంటి అంటారా? మనకు గుట్ట పేరుకోదు, పొర పేరుకుంటుంది. దసరా వానలు పోయినప్పటి నుంచి మృగశిర దాకా ఏడెనిమిది నెలలు రోడ్డు మీద దుమ్ము, టైరు పొడి, ఆయిల్, చెత్త. అప్పుడు మొదటి వాన. మృగశిరకు మీరు చేపల కూర తింటుంటారు, బయట ఆ మొదటి వాన ఎనిమిది నెలల మురికిని ఒక్క గంటలో కడిగి నాలాల్లోకి తోస్తుంది. గమనించండి, ఇక్కడ వరుస తిరగబడింది. మంచుకు బురద చివర వస్తుంది. వానకు బురద మొదట వస్తుంది. అందుకని అక్కడి శుద్ధి పద్ధతి కాపీ కొట్టి ఇక్కడ పెడితే పనికిరాదు. మొదటి నీటిని పక్కకు మళ్ళించగలిగితే మనకు చాలా లాభం. వాళ్ళకు మొదటి నీటిని మళ్ళిస్తే ఉప్పు పోతుంది, బురద మిగులుతుంది.

టైరు పొడి అన్నాను. 2020లో అమెరికాలో సియాటిల్ దగ్గర ఒక చిక్కుముడి వీడింది. వాన పడ్డప్పుడల్లా వాగుల్లో కోహో సాల్మన్ చేపలు చచ్చిపోయేవి, ఏళ్ళ తరబడి కారణం తెలియలేదు. చివరికి దొరికింది. టైరు బీటలు వారకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి ఇంకో పదార్థంగా మారుతుంది, అది చంపుతున్నది. ఆ పదార్థమే కెనడాలో సాస్కటూన్ నగరపు మంచు కరిగిన నీటిలో కూడా బయటపడింది. మన ఆటోలకు టైర్లు లేవా? మన చెరువులో చేపలకు అదే అవుతుందని నేననను. చేప జాతిని బట్టి మారుతుంది అది, కోహో చస్తే పక్కనున్న ఇంకో రకం బతికింది. కానీ నాలా నీటిలో ఉందా లేదా అని చూడటానికి ఎవరు అడ్డమొస్తారు?

2020 ఆగస్టులో మన దగ్గర వరద వచ్చింది కదా. మీరు అప్పుడు ఇంటర్‌కు కూడా రాలేదేమో. 2023 జూలైలో మళ్ళీ వచ్చింది. రెండుసార్లూ మా చుట్టాల ఇంట్లోకి నీళ్ళొచ్చాయి, నయీంనగర్ వైపు. నీళ్ళు పోయాక ఇల్లంతా మోకాలి లోతు బురద. మేమంతా పోయి పారలతో తోడాం. బీరువా అడుగు అరలో పట్టుచీరలు బురదలో ఉండలు కట్టి, విప్పితే పేలికలైపోయాయి. ఇంట్లోంచి తోడింది రోడ్డు మీద పోశాం. రోడ్డు మీదిది జేసీబీ వచ్చి నెట్టింది. ఎక్కడికి? నాలా గట్టు మీదికి. తర్వాతి వానకు గట్టు మీది బురద నాలాలోకి. నా కళ్ళతో చూశాను. ఎవరినీ తిట్టడం లేదు నేను, మేమూ రోడ్డు మీదే పోశాం కదా. ఇల్లు శుభ్రమైందని ఆ రోజు అందరం సంతోషపడ్డాం.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి, కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టారు మేడం, వాళ్ళకు ఇదంతా ముందే తెలుసు అంటారు. ప్రతి మీటింగ్‌లో అంటారు. చూడండి, పై చెరువులో ఒండ్రు దిగి, అలుగు పారిన నీరు కింది చెరువుకు పోవడం మంచి ఏర్పాటే. పాకాల, రామప్ప, లక్నవరం ఇన్ని వందల ఏళ్ళు నిలిచాయంటే ఊరికే కాదు. కానీ వాళ్ళు కట్టింది సాగుకు. వాళ్ళ నీటిలో బ్రేకు రాగి లేదు, టైరు పొడి లేదు. అప్పుడు చెరువు అడుగు మట్టిని రైతు సంతోషంగా బండికెత్తుకొని పొలంలో చల్లుకున్నాడు. ఇప్పుడు ఊరి మధ్య చెరువు పూడిక తీసి పొలానికి తోలేముందు అందులో జింకు ఎంత, సీసం ఎంత అని చూడాలా వద్దా? పూడిక తీశాం అంటాం. మళ్ళీ అదే మాట. తీసి ఎక్కడ పెట్టాం? ఇది ఇంకో ప్రాజెక్టు, కావాలంటే రాసుకోండి. భద్రకాళి చెరువు దగ్గరికి పోవడానికి మీకు బస్సు కూడా అక్కర్లేదు.

టైమ్ అయిపోయిందని సార్ చూస్తున్నారు. ఎవరికైనా ప్రశ్నలున్నాయా? ఒకటి రెండు తీసుకుంటా.

...మంచు లేకుండా మంచు ప్రాజెక్టుకు మార్కులు ఇస్తారా అంటున్నాడు ఈ బాబు. సార్, మీరు చెప్పండి. ...ఇస్తారట. కాకపోతే పేరు మార్చు తల్లీ. "నగరాల్లో" అని పెద్దగా పెట్టొద్దు. దంచిన ఐసులో ఉప్పూ దుమ్మూ ఏ వరుసలో బయటికొస్తాయి అని పెట్టు. నువ్వు చేసింది అదే. తర్వాత జూన్‌లో మొదటి వాన రోజు అదే గ్లాసులు పట్టుకొని నాలా దగ్గర నిలబడు, పక్కన ఇంకొకరిని తీసుకపో, వరద ఉంటే దిగొద్దు. తాడు కట్టిన బకెట్ వాడు.

ఇంకెవరు? ...మా మేనల్లుడికి ఇప్పటికీ కనపడుతున్నదా అని. లేదమ్మా. కెమెరా వెనక సన్నటి రంధ్రం ఉంటుంది, పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కితే మొత్తం చెరిగిపోతుంది. అట్లా చెరిపి మళ్ళీ మొదటినుంచీ నా పేరుతో పెట్టుకున్నా. వాడినే కూర్చోబెట్టి వాడి ఫోన్లో చూపించమన్నా, రావట్లేదు. మెమరీ కార్డు సంగతి మాత్రం అప్పుడు తోచలేదు. పాతది తీసి వాడికే ఇచ్చేశాను, ఫోన్లో వేసుకుంటానంటే. నెల రోజుల వీడియో అందులోనే ఉంది కదా. నిన్న రాత్రి ఈ ప్రసంగం రాసుకుంటుంటే గుర్తొచ్చింది. ఇంటికి పోగానే ఫోన్ చేయాలి.

టీడీఎస్ మీటర్లు నా బ్యాగులో రెండున్నాయి. కావలసినవాళ్ళు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకపోండి. బటన్ సెల్స్ మీరే కొనుక్కోవాలి.